కాఫీ తాగాక చెప్పే కబురు

2004 చలికాలం మొదట్లో నన్ను ఆ పోస్టులో దించారు. దుబాయ్ కరామాలో నలుగురం సర్దుకునే గదిలోంచి తెల్లారకముందే పికప్ ఎక్కాను. అల్ ఐన్ రోడ్డు మీద చాలాసేపు పోయాక బండి ఎడారిలోకి దిగింది. డ్రైవరు టైర్లలో గాలి తగ్గించాడు. అక్కణ్ణించి రోడ్డు లేదు, ఎర్రటి ఇసుక తిన్నెలు మాత్రమే. తిన్నెల మీద పొగమంచు. ఎడారిలో మంచేమిటని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. సముద్రం వైపు నుంచి చలికాలంలో తెల్లవారుజామున వస్తుంది. చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. ఎండెక్కితే ఒక్క ఊపున పోతుంది.

పోస్టంటే ఇనప రేకుల క్యాబిన్ ఒకటి. మంచం, రెండు దుప్పట్లు, నీళ్ల ట్యాంకు, చిన్న జనరేటర్, రేడియో సెట్టు, టార్చి, కర్ర. తుపాకీ లేదు. పదిహేడేళ్లు ఫౌజులో, అందులో ఎక్కువ భాగం సిగ్నల్స్‌లో, రైఫిల్ పక్కన పెట్టుకుని పడుకున్నవాణ్ణి. కర్ర పట్టుకుంటే చెయ్యి ఖాళీగా ఉన్నట్టే అనిపించింది.

ఉత్తర్వు చిన్నదే. ఆ ఇసుకలో రెండు ఎమిరేట్ల మధ్య గీత పోతుంది. పేర్లు మనకి అక్కర్లేదు. ఆ గీత వెంట సర్వేవాళ్లు కాంక్రీటు దిమ్మెలు పాతుతున్నారు. దిమ్మెలు కదలకుండా చూడాలి. పని పూర్తయ్యాక గీత వెంట కంచె వేస్తారు. ఉత్తరం వైపు జింకల కోసం అడవిలా కాపాడే స్థలం అవుతుంది. ఆ తర్వాత అందులోకి మనిషి పోకూడదు.

నా పోస్టు పక్కనే, ఉత్తరం వైపు, పాత బావి ఒకటుంది. బావి మీద ఒక చెట్టు. అక్కడ గాఫ్ అంటారు, చూస్తే మన జమ్మే. బావి వెనక చిన్న గుట్ట. గుట్ట మీద అయిదు చోట్ల తలవైపొకటి, కాళ్లవైపొకటి రాళ్లు నిలబెట్టి ఉన్నాయి. సమాధులని చూడగానే తెలిసింది. ఎవరివో తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే మంచులో గంట వినిపించింది. ఇత్తడి గంట. ఆగి, ఆగి, మళ్లీ. మూడు దెబ్బలు నెమ్మదిగా, ఒకటి గట్టిగా. ఎటునుంచో చెప్పడానికి లేదు. మంచులో శబ్దానికి దిక్కుండదు.

అప్పుడే రేడియో పలికింది. బేస్ క్యాంపులో మా ఇన్‌చార్జి నేపాలీ, గూర్ఖా పల్టన్‌లో సుబేదారుగా రిటైరైనవాడు. గంటకోసారి అన్ని పోస్టుల్నీ పిలిచి ఎలా ఉందో అడిగేవాడు.

"పోస్ట్ టూ, హాల్ బతావో."

"సబ్ ఠీక్, సాబ్. లేకిన్ సాబ్, ఇక్కడ గంట మోగుతోంది."

"గంటేమిటి? గుడి కట్టావా అప్పుడే? నిన్ననేగా పంపింది!"

బేస్‌లో ఎవరో నవ్వారు. సెట్టు కట్టేశాడు.

ఫౌజులో పనిచేసినవాళ్లకి ఈ మాట తెలుసు. పైవాడు పిలిస్తే మొదటి జవాబు 'సబ్ ఠీక్', అంతా బాగుందని. కాలు విరిగినా అదే, మంచుకొండ మీద మనిషి తప్పిపోయినా అదే. అది జవాబు కాదు, సెల్యూట్ లాంటిది. ఆ తర్వాత 'లేకిన్ సాబ్' అంటాం, కానీ సార్ అని. అసలు సంగతి అక్కడ మొదలవుతుంది. తెలిసిన ఆఫీసరు ఆ 'లేకిన్' కోసం ఆగుతాడు. తెలియని ఆఫీసరు సెట్టు కట్టేస్తాడు.

మంచు తేలాక గంట మోగించేవాడు కనిపించాడు. ముసలాయన. బావి పక్కన కట్టెల మంట పెట్టుకుని, ఇత్తడి రోట్లో కాఫీ గింజలు దంచుతున్నాడు. దంచే లయే గంట. నన్ను చూసి దంచడం ఆపాడు.

"హిందీ?" అన్నాడు.

"హిందీ," అన్నాను. అంటే ఇండియా వాడినని.

చాలాసేపు నా మొహం చూశాడు. ఏదో అడిగాడు. నాకు అరబ్బీ రాదు. తల ఊపి వచ్చేశాను.

మధ్యాహ్నం మా వంటాయన పికప్‌లో కూడు తెచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. పదిహేనేళ్లుగా అక్కడే ఉన్నాడు, అరబ్బీ బాగా వచ్చు. నన్ను మిల్ట్రీ అన్నా అనేవాడు. విషయం చెబితే నవ్వాడు.

"షైబాతోని మాట్లాడినవా? షైబా అంటే ముసలాయన. దా, పోదాం. కాఫీ గూడ దొరుకుతది."

ఇద్దరం పోయాం. ముసలాయన లేచి నిలబడి, నన్ను చూస్తూ ఏదో అన్నాడు. వంటాయన మొహంలో నవ్వు పోయింది.

"ఏందంటున్నాడు?"

"'మళ్ల వచ్చినవా' అంటున్నడన్నా. 'ఆనాడు కాఫీ తాగకుంటనే పోతివి గద' అంటున్నడు."

"నేనెప్పుడొచ్చాను తమ్ముడూ? నిన్ననేగా దిగింది."

"నాకేం ఎరుక? పోయిన జన్మల వచ్చినవేమో. కూసో, కూసో. నిలబడితే ఆయనకు కోపమొస్తది."

కూర్చున్నాం. ముసలాయన అడిగాడు: "షూ ఉలూమ్?"

"కబుర్లేంది అంటున్నడు," అన్నాడు వంటాయన. తనే నా బదులు చెప్పాడు: "మా షీ ఉలూమ్." కబుర్లేం లేవని. తర్వాత ఇతను అడిగాడు, ఆయన చెప్పాడు. అదే ప్రశ్న, అదే జవాబు. నా చేతా అదే అనిపించారు. పిల్లల ఆటలా ఉంది.

"నిజంగానే ఏం కబుర్లు లేవా ఆయన దగ్గర?"

"గట్లనే అనాలె అన్నా. ఊరు కాలిపోయినా ముందుగాల గట్లనే అంటరు. కాఫీ కడుపుల పడ్డంక అసలు ముచ్చట."

కాఫీ పోశాడు. చిన్న పింగాణీ కప్పు, పిడికిట్లో దాగేంత. ఏలకుల వాసన, చేదు. చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. నాకు తెలియక ఊపలేదు. పోస్తూనే ఉన్నాడు. వంటాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ముసలాయన మొదటిసారి నవ్వాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.

ఆయన పిల్లవాడిగా ఉన్నప్పటి సంగతి. ఇంగ్లీషువాళ్లు ఉన్న కాలం. ఉత్తరాన ఒక షేకు, దక్షిణాన ఒక షేకు. బావుల కోసం, మేత కోసం మనుషుల్ని చంపుకునేవారు. ఏ బావి దగ్గర ఎవరున్నారు, ఎవరికి పన్ను కడుతున్నారు, ఎవరు ఎవర్ని కొట్టారు అని కబుర్లు పోగుచేయడానికి ఇంగ్లీషు ఏజెంటు మోటారులో తిరిగేవాడు. ఆయన పక్కన రాసుకునే మున్షీ ఒకడు. హిందీవాడు. నల్లగా, పొడుగ్గా, నాలాగే.

వాళ్లు ఈ బావి దగ్గరికి రావడానికి కాస్త ముందే ఉత్తరంవాళ్లు దాడి చేశారు. అయిదుగురు పోయారు. ముసలాయన చిన్నాన్నలిద్దరు, పెద్దన్న, ఇంకో ఇద్దరు. గుట్ట మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. మోటారు ఆగింది. ఏజెంటు దిగకుండానే అడిగాడు: కబుర్లేమిటి? ముసలాయన తండ్రి చెప్పాడు: కబుర్లేం లేవు, అంతా క్షేమమే. మర్యాద అది. ఒక పక్క గింజలు వేగుతున్నాయి. దిగండి, కూర్చోండి అన్నాడు తండ్రి. మున్షీ రాసుకున్నాడు. పొద్దుపోతోందని మోటారు తిప్పుకుని వెళ్లిపోయారు. తండ్రి కాఫీ గిన్నె పట్టుకుని ఆ దుమ్ములోకి కొంతదూరం పరిగెత్తాడు.

"వెనకనుంచి కేకేసి చెప్పొచ్చుగా," అన్నాను.

వంటాయన అడిగాడు. ముసలాయన నన్ను వింతగా చూశాడు.

"చావు కబురు చెప్పుడంటే బరువు నెత్తినపెట్టుడట అన్నా. విన్నోడు ఏదన్న చేయాలె. తోడు నిలవాలె. మన కాఫీ తాగనోని నెత్తిమీద ఎట్ల పెడుతం అంటున్నడు." కాస్త ఆగి, కప్పు నేల మీద పెట్టి అన్నాడు: "మనం తాగినం గద... మనకు పెట్టిండు."

ముసలాయనకి కావల్సింది ఒక్కటే. కంచె పడితే గుట్ట అటువైపు పోతుంది. శుక్రవారం శుక్రవారం అక్కడికొచ్చి ఆ అయిదుగురి దగ్గర కూర్చుంటాడు. చనిపోయేలోగా ఆ దారి మూసుకుపోకూడదు.

ఆ వారంలోనే మేజర్ వచ్చాడు. ఇంగ్లీషాయన, గీత పనికి సలహాదారు. ఒకప్పుడు ఫౌజులో చేశాడని మేమంతా మేజర్ సాబ్ అనేవాళ్లం. అరబ్బీ గడగడా మాట్లాడతాడు. పాత రిపోర్టుల నకళ్లు జీపులో పెట్టుకుని బావి బావికీ తిరుగుతున్నాడు. ఈ బావి ఉత్తరం వైపు ఎందుకు పోయిందని అడిగాను. ఇక్కడ గొడవే లేదు, అన్నాడు. ఏజెంటు వచ్చి అడిగితే జనం కబుర్లేం లేవన్నారు. ఉత్తరం షేకు కింద ప్రశాంతంగా ఉన్నారని రాసుకున్నారు. దాన్నిబట్టి గీత.

నేను గుట్ట వైపు చూపించి, విన్నది చెప్పాను. నాకొచ్చిన ఇంగ్లీషులో, సగం హిందీలో. 'కాఫీ' అనే మాట దగ్గరికి రాగానే ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఆయనకి అర్థమైపోయింది. జీపు బానెట్ మీద రెండు చేతులూ ఆన్చి కాసేపు తల వంచుకున్నాడు.

"దిగలేదన్నమాట," అన్నాడు. "మోటారులోంచి దిగనే లేదు."

ఆ సాయంత్రం ఆయన ముసలాయన దగ్గర కూర్చుని మూడు కప్పులు తాగాడు. రెండు వైపుల అధికారుల్నీ ఇక్కడికి రప్పిస్తానన్నాడు.

వాళ్లొచ్చే ముందు ఒకరోజు పొద్దున సంగతి చెప్పాలి. ఆ రోజు మంచు బాగా పట్టింది. రోటి శబ్దం ఆగాక మాటలు వినపడ్డాయి. "షూ ఉలూమ్?" అని ముసలాయన గొంతు. "మా షీ ఉలూమ్," అని జవాబు. ఎవరో వచ్చారనుకున్నాను. దిమ్మెల కాపలా నాది కాబట్టి చూడ్డానికి పోయాను. గుట్ట మీద ఆయన ఒక్కడే. ముందు ఇసుకలో కప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. తన కప్పు పెదాల దగ్గర ఉంది, గుటక మింగుతున్నాడు. అప్పుడే మళ్లీ వినిపించింది. "మా షీ." మెల్లగా. ఆయన నోటినుంచి కాదు.

రేడియో పిలిచింది. సబ్ ఠీక్ అన్నాను.

వంటాయనకి చెబితే, గుట్టకు తాకి మాట మళ్లొచ్చి ఉంటది అన్నాడు. ఇసుకకి ప్రతిధ్వని ఉండదు. రాజస్థాన్ సరిహద్దులో పనిచేశాను. ఎంత అరిచినా ఇసుక మింగేస్తుంది. ఆ మాట అంటే, "అయితే నన్ను అడగకు. నాకు శుక్రవారం సెలవు గావాలె," అన్నాడు.

అధికారులు వచ్చిన రోజూ మంచే. రెండు వైపులనుంచీ ఒక్కొక్కరు, తెల్లటి బట్టల్లో. నాలుగు బండ్లు. వచ్చేటప్పుడు ఎలాగో వచ్చారు, ఇక కదలడానికి లేదు. డ్రైవర్లు హెడ్‌లైట్లు వేసినా వెలుగు బండి ముందే ఆగిపోతోంది. వాళ్లతో బేస్ నుంచి వచ్చిన సుబేదార్ సాబ్ నా చెవిలో అన్నాడు: "మంచిదే. కాఫీ అయ్యేదాకా ఎవడూ పోలేడు."

ముసలాయన దంచాడు. ఈసారి చాలాసేపు దంచాడు. వాళ్లకి ఆ పద్ధతి కొత్తకాదు, నాకన్నా బాగా తెలుసు. చెప్పులు విడిచి కూర్చున్నారు. కబుర్లడిగారు. లేవన్నాడు. వాళ్లూ లేవన్నారు. తాగారు. కప్పులు ఊపి ఇచ్చారు. అప్పుడు ఉత్తరం వైపు అధికారి, వయసులో చిన్నవాడు, తనే అన్నాడని తర్వాత వంటాయన చెప్పాడు: "ఇప్పుడు చెప్పు బాబాయ్."

చెప్పాడు. నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం తెలిశాయి, ఒక్కో పేరుకీ ఒక్కో వేలు మడిచాడు కాబట్టి. ఆ చిన్న వయసు అధికారి తల పైకెత్తలేదు. చంపినవాళ్ల పేర్లు కూడా వచ్చి ఉంటాయి. అందులో వాళ్ల తాతల పేర్లు ఉన్నాయో ఏమో.

మంచు తేలేదాకా అక్కడే మాట్లాడుకున్నారు. వంటాయన టీ పోసి గ్లాసులు తీసే నెపంతో వాళ్ల చుట్టూ తిరిగి విని, నా దగ్గరికొచ్చాడు.

"గీత పక్కకు జరగదటన్నా. పాత కాయితం మీద ఇద్దరి తాతలూ ఒప్పుకున్నరట. ఒక్క బావి దగ్గర తిరగదోడితే అన్ని బావుల దగ్గరా కత్తులు లేస్తయట."

"మరి ఈయన?"

"గేటు పెడతరట. చెవి పోస్టు కాడనే ఉంటది. నీ కాడ."

చెవి అంటే తాళంచెవి. అలా అది నా చేతికొచ్చింది. మేజర్ సాబ్ వెళ్లేటప్పుడు నాకు షేక్‌హ్యాండిచ్చాడు. "ఇంతే చేయగలిగాం," అన్నాడు. ఆయన మీద నాకు కోపం లేదు. దిగి కూర్చున్నాడు.

కంచె వేశారు. గేటు ఇనప పైపులతో చేసింది, ఛాతీ ఎత్తు. శుక్రవారం పొద్దున్నే దక్షిణం వైపు గుడిసెల్లోంచి ముసలాయన వచ్చేవాడు. గేటు దగ్గర నిలబడి "షూ ఉలూమ్?" అనేవాడు. నేను "మా షీ" అని తాళం తీసేవాణ్ణి. లోపలికి పోతూ గేటు పైపు మీద అరచెయ్యి పెట్టి ఈ చివరనుంచి ఆ చివరదాకా తుడిచేవాడు. దాని మీద పట్టిన మంచునీళ్లు అరచేతిలోకి వచ్చేవి. ఆ తడి మొహానికి రాసుకుని గుట్ట ఎక్కేవాడు. నేను క్యాబిన్ దగ్గర నిలబడేవాణ్ణి. రోలు మోగేది. కొన్ని రోజులు ఒక గొంతు వినిపించేది, కొన్ని రోజులు రెండు. నేను ఆయన్ని అడగలేదు.

రెండో చలికాలంలో ఒక శుక్రవారం ఆయన రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. వంటాయన కనుక్కొచ్చాడు. అల్ ఐన్ ఆస్పత్రిలో ఉన్నాడట. అక్కడ మన గోదావరి జిల్లా నర్సమ్మ ఒకామె ఉంది, ఆమెతో మాట్లాడానన్నాడు.

"ఏమంది?"

వంటాయన పికప్ దిగాడు. అన్నం క్యారేజీ విప్పాడు. నాకు వడ్డించి, నేను తినేదాకా పక్కన కూర్చున్నాడు. చెయ్యి కడుక్కున్నాక చెప్పాడు.

"పోయిండన్నా. నిన్న."

అక్కడే పట్నం స్మశానంలో పెట్టారట. గుట్ట మీద ఆరో సమాధికి అనుమతి రాలేదు. రోలు, కాఫీ గిన్నె మనవడు పట్టుకుపోయాడు.

ఆ శుక్రవారం మంచు పట్టింది. క్యాబిన్‌లో రేడియో బ్యాటరీ మారుస్తున్నాను. గేటు దగ్గర "షూ ఉలూమ్?" అని వినిపించింది. నేను బయటికొచ్చాను. గేటు కనపడదు, అలవాటు కొద్దీ పోయాను. నాకు భయం వేసిందా అంటే వేసింది. కానీ కాఫీ తాగినవాణ్ణి. "మా షీ ఉలూమ్," అన్నాను. తాళం తీశాను. గేటు లాగి పట్టుకున్నాను. ఎవరూ లేరు. నా పక్కనుంచి ఎవరూ పోలేదు. కొంతసేపటికి గుట్ట మీద రోలు మోగింది. మూడు దెబ్బలు నెమ్మదిగా, ఒకటి గట్టిగా.

క్యాబిన్‌లో సెట్టు పలుకుతోంది. "పోస్ట్ టూ, హాల్ బతావో. పోస్ట్ టూ."

వెళ్లి తీశాను.

"సబ్ ఠీక్, సాబ్."

సుబేదార్ సాబ్ సెట్టు కట్టలేదు. కాసేపు గరగరమంది. తర్వాత అడిగాడు: "లేకిన్?"

"ఏం లేదు, సాబ్."

"గంట నాకూ వినిపిస్తోంది," అన్నాడు. అప్పుడు కట్టేశాడు.

2007లో వచ్చేశాను. నా బదులు వచ్చినవాడు ఒడిశా కుర్రాడు. తాళంచెవి అడిగాడు. ముందు టీ పెట్టాను. గ్లాసు అడుగు కనపడేదాకా ఆగాను. తర్వాత చెవి ఇచ్చి, శుక్రవారం గేటు సంగతి చెప్పాను.

మార్కాపురం స్టేషన్‌కి మా బావమరిది మోటారు సైకిల్ తెచ్చాడు.

"ఏంది బావా, దుబాయ్ విశేషాలు?"

"ఏముంటాయిరా. ఏం లేవు."

బండి స్టార్ట్ చేశాడు. రెండోసారి అడగలేదు. మనమూ అంతే.

తర్వాత కొన్నేళ్లు ఒక దినపత్రికకి మండల విలేకరిగా పనిచేశాను. చావు జరిగిన ఇంటికి పోయినప్పుడు ముందు మంచినీళ్లు అడిగేవాణ్ణి. తాగేవాణ్ణి. కాసేపు కూర్చునేవాణ్ణి. అప్పటికే తోటి విలేకర్లు 'ఏమీ తెలియదంటున్నారు' అని రాసుకుని బండెక్కేవారు.

ఆ శుక్రవారం రేడియోకి జవాబు చెప్పాక గేటు వేయడానికి తిరిగి వెళ్లాను. మంచు పలచబడుతోంది. రోలు ఆగిపోయింది. కంచె తీగ పొడవునా నీటి బొట్లు వేలాడుతున్నాయి. ముట్టుకోనివి, నిండుగా. గేటు గొలుసు మీదా ఉన్నాయి, గడియ మీదా ఉన్నాయి. గేటు పైపు మీద మాత్రం, ఈ చివరనుంచి ఆ చివరదాకా, అరచెయ్యి వెడల్పున పొడిగా ఉంది.

కళ్లు మూసుకుంటే ఇప్పటికీ నాకు కనపడేది అదే.